నాలుగో హోలు మీదుగా కాలిదారి

డాక్టరమ్మగారు పోయారన్న కబురు నాకు గోల్ఫు మైదానంలో మూడో గ్రీను మీద అందింది. అప్పుడే తెల్లవారింది. పొడుగాటి వెదురు కర్రతో గడ్డి మీద మంచు దులుపుతున్నాను. ఆవిడ ఇంట్లో వంట చేసే అమ్మాయి ఫోను చేసి, అమ్మగారు లేవటం లేదు మేస్త్రిగారూ అని ఏడ్చింది. గ్రీను సగం దులిపి ఉంది, సగం తెల్లగా ఉంది. ఆ మిగతా సగం కూడా దులిపే వెళ్ళాను. మంచు నిలిస్తే గడ్డికి తెగులు పడుతుంది. పని మధ్యలో వదిలేసి వచ్చానంటే పడుకున్న మనిషి లేచి మరీ అడిగేవారు.

క్లబ్బు తరఫున మీరు ఆవిడ జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు, నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నారు. నాది మూడో తరగతి చదువు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో తియ్యటి మాటలు నేర్చుకోలేను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఇష్టమైతే వేయండి. ముందు నా కోపం సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ కింద ఆవిడ నన్ను పదిమందిలో నిలబెట్టి ఒక మాట అడిగారు. అలా అడిగినందుకు ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు, నేను ఏనాడూ మర్చిపోలేదు. పెట్టె మీద మట్టి వేసేటప్పుడు కూడా ఆ మాట నా లోపల ముల్లులాగే ఉంది. దాన్ని దాచిపెట్టి పొగడ్తలు రాస్తే ఆవిడకే నచ్చదు.

బెంజ్ సర్కిల్ నుంచి కార్లలో వచ్చి ఆడి వెళ్ళిపోయే కొత్త సభ్యులకి ఈ నేల సంగతి తెలియదు. ఇది ఒకప్పుడు మా ఊరి పెద్దరైతు మామిడితోట. తోటకి ఇటు పాలెం, అటు కాలవగట్టు. గట్టు మీద బస్సు ఆగుతుంది. గట్టు దిగువన పాలెంవాళ్ళ సమాధులు. పాలెం నుంచి గట్టుకి రోడ్డున చుట్టూ తిరిగిపోతే మైలున్నర, తోటలోంచి అడ్డంగా పోతే పావుమైలు. అందుకని తోటలో ఒక కాలిదారి ఉంది. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మగారు పుట్టింది ఆ పాలెంలోనే. చదువుకుని ఇంగ్లండు పోయి, ముప్ఫై ఏళ్ళు అక్కడ వైద్యం చేసి, పెద్దవయసులో తిరిగొచ్చారు. మామిళ్ళు ముదిరి కాపు తగ్గాక రైతు వారసులు తోట అమ్మకానికి పెట్టారు. ఆవిడా, ఇంకొందరు పెద్దమనుషులూ కలిసి కొని ఈ తొమ్మిది హోళ్ళ గోల్ఫు మైదానం వేశారు.

ఈ పుస్తకం పాలెంలో కూడా చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం ఒక ముక్క. కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న చిన్న గుంటలో వేయటమే ఈ ఆట. ఆ గుంటనీ, బంతి కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉన్న గడ్డి పట్టీనీ కూడా హోలు అనే అంటారు. గుంట చుట్టూ చాప పరిచినట్టు కత్తిరించిన గడ్డిని గ్రీను అంటారు. ఆ గడ్డి నా బాధ్యత.

పనికి మనిషి కావాలంటే వెళ్ళాను. అప్పటిదాకా కౌలుకి వరి వేసినవాణ్ణి. ఆవిడ ఒక మామిడి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గరిక పెంచాలి మేస్త్రిగారూ అన్నారు. నాకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ గట్ల మీద గరిక పీకి పీకి నా నడుం వంగిపోయింది, ఇప్పుడు దాన్ని పెంచమంటారా అన్నాను. దాన్ని పీకినవాడికే దాని మొండితనం తెలుస్తుంది, అందుకే మిమ్మల్ని పిలిచాను అన్నారు. తర్వాత మీ నాన్నగారెవరని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, తల తిప్పి తోట వైపు చూశారు. మా నాన్న పేరు విని గౌరవపడ్డారనుకున్నాను. రేపట్నుంచి రండి అన్నారు. అంతే, ఇంకేం అడగలేదు.

మొదటి ఏడు నేను చేసిన తెలివితక్కువ పని మా వైపు రైతు తప్ప ఇంకెవడూ చేయడు. రెండో గ్రీను మీద గడ్డి పచ్చబడలేదని చుట్టూ చిన్న గట్టు పోసి, కాలవనీళ్ళు తోడి, నారుమడికి పెట్టినట్టు నిండా పెట్టాను. మర్నాడు ఆవిడ వచ్చారు. చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని, చీలమండ లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డారు.

"మేస్త్రిగారూ, నాట్లెప్పుడు?"

పాలెం కూలీలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గడ్డి కుళ్ళింది, మళ్ళీ వేశాను. గడ్డి అడిగేదాకా నీళ్ళివ్వకండి అని ఆ రోజే నేర్పారు. గడ్డి ఎలా అడుగుతుందండీ అంటే, పాదం మోపి తీయండి, తొక్కిన చోట గడ్డి వెంటనే లేస్తే దానికి దాహం లేదు, పడుకునే ఉంటే అడుగుతున్నట్టు అన్నారు. ఇప్పటికీ అలాగే చూస్తాను. ఆవిడ మనుషులకి మందు కూడా అలాగే ఇచ్చేవారని పాలెంలో చెబుతారు. అడగనివాడికి ఇచ్చేవారు కాదు. అడగలేనివాణ్ణి మాత్రం నడక చూసి కనిపెట్టేవారు.

ఇక నా కోపం. రెండో ఏడు వానలకి నాలుగో హోలు దగ్గర కొత్త గరిక నాటాం. పాలెం నుంచి గట్టుకి పోయే కాలిదారి సరిగ్గా ఆ హోలుకి అడ్డంగా పోతుంది. మనుషులు పోతున్నారు, గేదెలు పోతున్నాయి, నా గడ్డి అణిగిపోతోంది. రెండు రోజులు చూశాను. మూడోరోజు సాయంత్రం తుమ్మకంప తెచ్చి దారికి రెండు వైపులా అడ్డం కొట్టాను. మంచి పని చేశానన్న ధీమాతో పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. పాలెంవాళ్ళు సమాధులకి పూలు పెట్టుకోవటానికి వచ్చి కంప దగ్గర ఆగిపోయారు. ముసలివాళ్ళు, పసిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. డాక్టరమ్మగారు చర్చి నుంచి వాళ్ళతోనే వచ్చారు, తెల్లచీరలో. నేను కొడవలి తెస్తానుండండి అంటున్నా వినకుండా ఉత్త చేతుల్తో కంప లాగేశారు. అరచేతుల్లోంచి రక్తం కారింది. అంతా లాగి పక్కన పడేసి నా వైపు తిరిగారు.

"మీరు కూడానా, మేస్త్రిగారూ?"

గడ్డి పాడవుతోందండీ అన్నాను. గడ్డి మళ్ళీ మొలుస్తుంది, దారి మనకంటే ముందు పుట్టింది అన్నారు. అంతే. జనం మా ఇద్దర్నీ చూస్తున్నారు. నన్ను నువ్వూ అని, ఒరే అని తిట్టి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి. గారు అంటూనే అన్నారు. 'కూడా' అంటే నన్ను ఎవరితో కలిపారు? పాలెంవాళ్ళని అరుగు ఎక్కనివ్వని మా ఊరి పెద్దలతోనా? నేను అలాంటివాణ్ణా? పన్నెండేళ్ళు ఇదే తిప్పితిప్పి నమిలాను. అడగటానికి అహం అడ్డం వచ్చింది.

ఆ రోజు నుంచీ ఇక్కడ ఒక మర్యాద నడిచింది. దారి మీద మనిషి కనిపిస్తే నాలుగో హోలు ఆడేవాళ్ళు కర్ర దించి ఆగాలి. ఆ మనిషి అవతలకి చేరాకే బంతి కొట్టాలి. గేదె వచ్చినా అంతే. ఒకసారి ఒక పెద్ద కాంట్రాక్టరుగారు, ఎంతసేపు ఆగాలండీ ఈ గేదె కోసం అని విసుక్కుంటే, మీరు సిగ్నలు దగ్గర ఎంతసేపు ఆగుతారో అంతసేపు అన్నారు డాక్టరమ్మగారు. ఈ సంగతి బోర్డు మీద రాయించండి అని నేనే రెండుసార్లు చెప్పాను. రాస్తే రూలవుతుంది మేస్త్రిగారూ, రూలైతే ఎవడో ఒకడు మారుస్తాడు, మర్యాదయితే ఉండిపోతుంది అనేవారు. ఈ ఒక్క విషయంలో ఆవిడ పొరబడ్డారు. ఎందుకో చివర చెబుతాను.

ఆవిడ రోజూ నాకంటే ముందే వచ్చేవారు. పాలెంలో ఇల్లు కట్టుకుని ఉండటంతో ఆ దారినే నడిచి వచ్చేవారు. చలికాలం మంచు కురిసిన గడ్డి తెల్లగా ఉంటుంది. ఎవరు నడిస్తే వాళ్ళ అడుగులు ముదురుపచ్చగా తేలతాయి. నేను వచ్చేసరికి అడుగుల వరస ఒకటి ఉండేది. కుడిపాదం నిండుగా, ఎడమపాదం ముందువేళ్ళు మాత్రమే. ఎడమ మడమ ఆవిడ నేలకి పూర్తిగా ఆనించేవారు కాదు. ఆ గుర్తు చూసి, అమ్మగారు వచ్చేశారని మా పనివాళ్ళు బీడీలు పారేసేవారు. ఒకసారి అడిగాను, ఆ మడమకేమైందండీ, మీరే డాక్టరు కదా అని.

"చిన్నప్పటి ముల్లు. ముల్లు పోయింది, నడక ఉండిపోయింది."

నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వాను.

ఆరేళ్ళ కింద ఇంగ్లండులో ఆవిడ ఆడిన పాత క్లబ్బువాళ్ళు ఏదో వేడుకకి పిలిస్తే, నన్ను కూడా వెంటబెట్టుకెళ్ళారు. మా మేస్త్రి మీ గడ్డి చూడాలి అని వాళ్ళకి రాశారట. జూన్ నెలలో మంకీ క్యాపు పెట్టుకుని తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పట్నం నుంచి రెండు గంటలు కారులో పోతే పల్లెటూరు. ఇనుప కంచెలు లేవు, చేలకి పొదలే కంచెలు. ఆ మైదానం వంద ఏళ్ళది. నాలుగు బారలకి కూడా అందని ఓకు చెట్లు, ఒక్కొక్కటీ విడివిడిగా, పెళ్ళి పెద్దల్లాగా నిలబడి ఉన్నాయి. ఒక చెట్టు నీడ ఇంకో చెట్టు మీద పడదు. మధ్యలో గడ్డి ఒత్తుగా, చల్లగా. దూరంగా చర్చి గోపురం. మా తోటలో అడ్డదిడ్డంగా పెరిగిన చెట్లు తీయించి, మంచి మామిళ్ళు, నేరేళ్ళు, రెండు నిద్రగన్నేర్లు మాత్రం ఎందుకు ఉంచారో అక్కడ నిలబడితే తెలిసింది. ఆవిడ ఈ చోటుని కళ్ళల్లో పెట్టుకొచ్చి మా కృష్ణ ఒండ్రులో నాటారు.

అక్కడి గడ్డి మేస్త్రి ఎర్రగా ఏనుగులాంటి మనిషి. నా మాట ఆయనకి రాదు, ఆయన మాట నాకు రాదు. ఇద్దరం గ్రీను మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఆయన మట్టి చిటికెడు తీసి వాసన చూశాడు, నాకిచ్చాడు. నేనూ చూశాను. ఆయన చేతులు నా చేతుల్లాగే పగిలి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే తన మంచు దులిపే కర్ర నా చేతికిచ్చాడు. చేపల గాలపు కర్రంత పొడుగు. ఒక గ్రీను మొత్తం నేనే దులిపాను. ఆయన టోపీ తీశాడు. నా బతుకులో నాకు దక్కిన సన్మానం అదొక్కటే.

ఆ పొద్దునే ఒక సంగతి చూశాను. నలుగురు దొరలు బంతి కొట్టబోతూ ఆగిపోయారు. ఎందుకా అని చూస్తే, ఎదర ఒక ముసలమ్మ చిన్న కుక్కని పట్టుకుని మైదానానికి అడ్డంగా నడుస్తోంది. చేతికర్ర ఊతం. తొందరేమీ లేదు. మధ్యలో ఆగి కుక్కతో ఏదో మాట్లాడింది కూడా. నలుగురూ కర్రలు దించి నిలబడ్డారు. ఆ దారి మొదట్లో ఒక కొయ్య పాతి ఉంది, దాని మీద పసుప్పచ్చ బాణం గుర్తు. డాక్టరమ్మగారు ఆ మేస్త్రిని అడిగి నాకు చెప్పారు. ఆ బాణం అందరూ నడిచే దారికి గుర్తట, ఈ దారి ఈ ఆటకంటే పాతదట. నడవటం మానేస్తే మూసేస్తారేమో అని, పనిలేకపోయినా ఊళ్ళోవాళ్ళు నడుస్తూ ఉంటారట.

నాకు మా తుమ్మకంప గుర్తొచ్చింది. ఆవిడకీ గుర్తొచ్చే ఉంటుంది. ఇద్దరం పక్కపక్కనే నిలబడి ముసలమ్మ పొదల వెనక్కి పోయేదాకా చూశాం. ఇప్పుడు అంటారు, ఆ రోజు మిమ్మల్ని పదిమందిలో అలా అడగకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అంటారు అని ఎదురుచూశాను. నేను చేసింది తప్పేనండీ అని నేనన్నా అనాల్సింది. ఇద్దరం మొండివాళ్ళమే. టీ తాగుదామా మేస్త్రిగారూ అన్నారు. పదండి అన్నాను.

ఆవిడని పాలెం చర్చి నుంచి సమాధులకి మా తోట కాలిదారినే తీసుకెళ్ళారు. ఆ రోజు ఆట లేదు. నాలుగో హోలు పొడుగునా సభ్యులు టోపీలు తీసి వరసగా నిలబడ్డారు. వరసలో మొదటివారు మన కార్యదర్శిగారు. కంటతడి పెట్టారు. నేను చూశాను, అది నిజమైన తడే. పెట్టె మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ వయసులో మీకెందుకండీ అన్నారు. వదల్లేదు.

మట్టి వేశాక ఆవిడ చెల్లెలుగారు నాతోపాటు వెనక్కి నడిచారు. గుంటూరులో టీచరు చేసి రిటైరయ్యారు. ఇన్నేళ్ళలో మూడుసార్లు చూశానేమో. దారి మీద నాలుగో హోలు దగ్గరకి వచ్చేసరికి ఆగారు.

"అక్కకి ఈ దారంటే పిచ్చండీ. ఆ మడమ పాడయ్యింది ఇక్కడే. చిన్నప్పుడు తోట కాపలా ఆయన దారికి తుమ్మకంప కొట్టాడు. బడికి ఆలస్యమవుతోందని అక్క దూకింది. ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. నాలుగు నెలలు మంచం మీదే ఉంది. మిషనాసుపత్రి నర్సమ్మ వచ్చి కట్టు కట్టి పోయేది. డాక్టరు చదువుతానని అప్పుడే అంది."

 చెప్పక తప్పలేదు.

"ఆ కాపలా ఆయన మా నాన్నండీ. ఆ కంప మోసింది నేను."

 గట్టు మీద బస్సు ఒకటి ఆగి వెళ్ళిపోయింది. తర్వాత చెల్లెలుగారు అన్నారు.

"అక్క మీ గురించి ఎన్నిసార్లో చెప్పింది. ఆ మాట మాత్రం ఏనాడూ చెప్పలేదండీ."

'మీరు కూడానా' అంటే అదన్నమాట. మా నాన్న పేరు విని తోట వైపు ఎందుకు చూశారో, చూసి కూడా రేపట్నుంచి రండి అని ఎలా అనగలిగారో నాకు తెలియదు. నేనైతే అనగలిగేవాణ్ణి కాను. పన్నెండేళ్ళు ఆవిడ నాకు ఒక మాట బాకీ ఉన్నారనుకున్నాను. మాట అనాల్సింది నేను. రోజూ పొద్దున్నే ఆ ఎడమ పాదం గుర్తు చూస్తూ పనిలోకి దిగినవాణ్ణి, అది మా చేతి పనని తెలుసుకోలేకపోయాను. నా కోపం పోయిందా అంటే, పోయింది. దాని చోట ఉన్నది దానికంటే బరువుగా ఉంది.

ఇక్కడితో ఆపితే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది. కానీ మట్టి వేసిన వారానికి కార్యదర్శిగారు నన్ను పిలిచి, కొత్త సంవత్సరంలో పెద్ద పోటీ పెడుతున్నాం, నాలుగో హోలుకి రెండు వైపులా ఇనుప వల కట్టాలి, స్తంభాలు ఎక్కడ పాతాలో సున్నం గీత గీసిపెట్టు మేస్త్రీ అన్నారు. పాలెంవాళ్ళు రోడ్డున పోతారు, ఎవరికైనా బంతి తగిలితే ఎవరిది పూచీ అన్నారు. ఆయన చెడ్డవారని నేను అనను. భయం కూడా నిజమే. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరికీ తగల్లేదు. మనం ఆగుతున్నాం కాబట్టి తగల్లేదు. నేను గీత గీయనన్నాను.

"డాక్టరమ్మగారు ఎక్కడా రాసిపెట్టి పోలేదుగా. అయినా మొదట కంప కొట్టింది నువ్వేగా మేస్త్రీ?"

"అవునండీ. అందుకే ముల్లు ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు."

 కమిటీలో పెడతాం అన్నారు. ఇంతవరకూ జవాబు లేదు. అందుకని ఈ పుస్తకంలోనే, అందరి ముందే అడుగుతున్నాను. సభ్యులారా, ఆవిడ పటానికి దండ వేయండి, హాలుకి ఆవిడ పేరు పెట్టండి, మీ ఇష్టం. నాకు కావాల్సింది రెండు కొయ్యలు. దారికి ఇటొకటి, అటొకటి. మీద పసుప్పచ్చ బాణం. కొయ్య నేనే చెక్కుతాను, రంగు నేనే వేస్తాను. ఇది దారి, మనిషి పోతుంటే ఆట ఆగాలి అని మీ కమిటీ కాగితం మీద సంతకాలు కావాలి. ఆవిడ వద్దన్నారు, నేను కావాలంటున్నాను. మర్యాద ఎన్నాళ్ళుంటుందో వారంలో చూశాను.

క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారం సాయంత్రం వరకు చూస్తాను. అవునో కాదో ఆలోపు చెప్పండి. కాదంటే సోమవారం పొద్దున మంచు దులిపే కర్ర క్లబ్బు గుమ్మంలో ఆనించి ఉంటుంది. దాన్ని ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం. నేను మీ మేస్త్రిని కాను, దారిన పోయేవాణ్ణి. పనిలేకపోయినా రోజూ పోతాను. వల కడితే వల దగ్గర నిలబడతాను.

ఈ పొద్దున కూడా మంచు బాగా కురిసింది. నేను వచ్చేసరికి నాలుగో హోలు అంతా తెల్లగా, ఒక్క అడుగు కూడా లేకుండా ఉంది. కాసేపు అలాగే చూశాను. తర్వాత చెప్పులు విడిచి, పాలెం వైపు నుంచి గట్టు దాకా మెల్లగా నడిచాను. గట్టెక్కి వెనక్కి తిరిగి చూస్తే నా అడుగులు పచ్చగా తేలి ఉన్నాయి. రెండు మడమలూ నిండుగా దిగి ఉన్నాయి. ఆదివారం దాకా చూస్తాను.